నలభై నిమిషాల్లో దొరికిన మనిషి

నూట పద్దెనిమిదో మనిషి నలభై నిమిషాల్లో దొరికిందన్న సంతోషంలో డాక్టర్ సువర్చల ఆ రోజు కేంద్రంలో కాజాలు పంచింది. అంతకుముందు వాళ్ల రికార్డు రెండున్నర గంటలు. కాకినాడ ఊరి చివర సరుగుడు తోటల పక్కనున్న, తప్పిపోయినవాళ్ల జాడ తీసే ఆ పరిశోధన కేంద్రంలో పనిచేసేది పన్నెండు మందే అయినా కాజాలు యాభై వచ్చాయి. "ఎక్కువైతే ఇళ్లకి పట్టుకెళ్లండి. ఇవాళ మనం ఒక సంసారం నిలబెట్టాం" అందామె. తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేది.

జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి. ఆ పొద్దున పదిన్నరకి భానుప్రకాష్ అనే ఆయన వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట, ఎర్రబడిన కళ్లు. భార్యకి మతిస్థిమితం లేదనీ, ఏడాది దాటింది ఇంట్లోంచి వెళ్లిపోయి అనీ చెప్పాడు.

తప్పిపోయిన మనిషి జాడ తియ్యాలంటే ఆ మనిషి ఒంటిని అంటిపెట్టుకున్నదేదో ఒకటి కావాలి, అదీ ఉతకనిది. మనవాళ్లతో అక్కడే వస్తుంది చిక్కు. ఇంట్లో మనిషి కనబడకపోతే ఆడవాళ్లు చేసే మొదటి పని ఏడవడం, రెండో పని ఇల్లు కడిగి ఉన్న బట్టలన్నీ ఉతికి ఆరెయ్యడం. చుట్టాలొస్తారు కదా మరి! అర్జీలు తీసుకునే సూరిబాబు రోజూ ఈ విషయంలోనే తల బాదుకునేవాడు. సబ్బు వాసన కొట్టే చీరలూ, గంజి పెట్టిన పంచెలూ చూసి చూసి అతనికి విసుగొచ్చేసింది.

భానుప్రకాష్ సంచీలోంచి ఒక స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే లోపల రాగి రంగు చిక్కు వెంట్రుకలు. ఆడవాళ్లు తల దువ్వుకున్నాక దువ్వెనకి మిగిలినవి వేలికి చుట్టి ఉండ చేస్తారే, అవి. ఒకదాని పక్కన ఒకటి పొందిగ్గా సర్ది ఉన్నాయి. ఒక్కో ఉండకి ఒక దారం, దారానికి చీటీ, చీటీ మీద తేదీ. పన్నెండేళ్ల వెంట్రుకలు.

సువర్చల తన గది అద్దంలోంచి అది చూసి ఆగలేక బయటికొచ్చేసింది. వెంట్రుక గట్టిది, ఏళ్లు గడిచినా మనిషి జాడని వదలదు. ఇంతకన్నా మంచి నమూనా ఆమె ఇంతవరకూ చూడలేదు. కానీ నిజం చెప్పాలంటే ఆమెని బయటికి లాగింది నమూనా కాదు. భార్య తల చిక్కు కూడా పారెయ్యకుండా దాచుకున్న మొగుణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు.

"మా ఆయనకి నా చెప్పుల సైజు కూడా తెలీదు సూరిబాబు గారూ" అంది మెల్లిగా.

సూరిబాబు మాత్రం కాగితాలు తిరగేస్తున్నాడు. "మేడం, పద్నాలుగో గడి ఖాళీ ఉందండి. పెళ్లి ఫోటో గానీ, రేషన్ కార్డు గానీ ఏదీ తేలేదు."

"తుపాన్లో ఇల్లంతా పోయిందండి" అన్నాడు భానుప్రకాష్, తల దించుకుని.

అసలు ఈ కేంద్రం పుట్టిందే ఆ తుపాను తర్వాత. కాగితాలు కొట్టుకుపోయిన వాళ్లని కాగితాలు తెమ్మంటే పాపమని, అప్పట్లో సువర్చలే ఒక పద్ధతి పెట్టింది. సంబంధానికి రుజువు లేని చోట ఆమె స్వయంగా మనిషిని చూసి, ఆ గడిలో "చూశాను" అని రాసి సంతకం పెట్టేది. తుపాను వెళ్లి ఆరేళ్లయింది. పద్ధతి మాత్రం అలాగే మిగిలిపోయింది. ఆమె పెన్ను తీసి "చూశాను" అని రాసింది.

తర్వాత అతని చేత గాజు పలక మీద అరచెయ్యి పెట్టించారు, గొట్టంలోకి ఊదించారు. తెచ్చినవాళ్ల జాడ కూడా ఆ వస్తువు మీద ఉంటుంది కాబట్టి దాన్ని తీసెయ్యాలి, లేకపోతే యంత్రం తెచ్చినవాళ్లనే వెతికిపెడుతుంది. మిగిలిన జాడని యంత్రానికి అందించారు. రాష్ట్రంలో తిరిగే బస్సుల్లో టిఫిన్ క్యారేజీ అంత పెట్టెలు బిగించి ఉన్నాయి. ఎవరు ఏ కడ్డీ పట్టుకున్నా, ఏ సీటులో కూర్చున్నా, ఆ చర్మపు పొడినీ చెమటనీ అవి పసిగడతాయి. మూడు వారాల దాకా జాడ పోదు. గోడ మీది పటంలో బస్సులు ఒక్కొక్కటే ఆరిపోతూ వచ్చి, చివరికి కొండల కింద రావిగెడ్డ అనే ఊళ్లో రెండు మిగిలాయి. రెండూ పాత సంతబజారు దగ్గర ఆగేవే. గడియారం చూస్తే నలభై నిమిషాలు.

ముద్ర వేసిన చీటీ చేతికిస్తే భానుప్రకాష్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మీరు నా పాలిట దేవతండి" అన్నాడు. అతను గేటు దాటకముందే సువర్చల కాజాలకి మనిషిని పంపింది.

*

ఐదు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం సూరిబాబు తలుపు తట్టకుండానే లోపలికొచ్చాడు. అతని వెనక ముప్పై మూడేళ్ల మనిషి, నలిగిన నేత చీర, భుజాన గుడ్డసంచీ, మెడ వరకే కత్తిరించుకున్న జుట్టు. కూర్చోమంటే కుర్చీని తలుపు కనబడేలా తిప్పుకుని కూర్చుంది.

"నా పేరు పుష్పవేణి అండి. ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను. నేను రావిగెడ్డలో ఉన్నానని ఆయనకి చెప్పిందెవరు?"

"ఎవరికమ్మా?" అంది సువర్చల. తెలియక అడిగిన మాట కాదది. ఆ రాగి రంగు జుట్టు చూడగానే ఆమెకి డబ్బా గుర్తొచ్చింది.

"భానుప్రకాష్ గారికి. నా మొహం మీద చీటీ ఆడించి చూపించాడండి. మీ ముద్ర ఉంది దాని మీద. గవర్నమెంటే నిన్ను వెతికి పెట్టింది, ఇంకెక్కడికి పోతావు అన్నాడు."

"ఆయన మీకు..."

"అందరూ అదే అడుగుతారండి, ఏమవుతాడని. ఏమీ అవ్వడు. డిగ్రీలో నా రికార్డు పుస్తకం అడిగితే ఇచ్చాను. తిరిగిచ్చేటప్పుడు అందులో ఉత్తరం పెట్టాడు. వద్దన్నాను. అంతే మా చుట్టరికం."

ఆమె సంచీలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టింది. ముప్పై ఒక్క ఫిర్యాదుల నకళ్లు. పన్నెండేళ్లు, ఐదు ఊళ్లు. మగ్గం పని నేర్చుకుని జాకెట్ల మీద పూలు కుట్టుకు బతుకుతోంది. ఏ ఊరెళ్లినా ఆర్నెల్లకో ఏడాదికో అతను ఎదురుగా వచ్చి నిలబడేవాడు. ఏమీ అనడు. నిలబడతాడు. యజమానులకి తాను మొగుణ్ణని చెబుతాడు. యజమానులు సంసారంలో గొడవలు మాకెందుకని ఆమెని పనిలోంచి తీసేస్తారు. స్టేషనుకెళ్తే, మీద చెయ్యేశాడా అని అడుగుతారు. వెయ్యలేదంటే రాసుకోడం ఆపేస్తారు.

"రావిగెడ్డలో పధ్నాలుగు నెలలు రాలేదండి" అంది పుష్పవేణి. "పోయిన వేసంగిలో కిటికీ తెరిచి పడుకోడం మొదలెట్టాను. పిచ్చిదాన్ని, ఇంక అయిపోయిందనుకున్నాను."

"ఆయన మా దగ్గరికి... మీ తల వెంట్రుకలు..." అన్నాడు సూరిబాబు నోరు జారి.

పుష్పవేణి అతనివైపు తిరిగింది. కాసేపు ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ చేతులు పట్టుకుంది. "చిక్కెంట్రుకలకి గిన్నెలిచ్చే ఆవిడ మా వీధిలోకి వచ్చేదండి. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరొస్తారు కదా. నేను ఉండలు చుట్టి దాచి వాళ్లకి వేసేదాన్ని. ఒక కూర గిన్నె వచ్చింది, రెండు గరిటెలొచ్చాయి. ఆయన వాళ్ల దగ్గర కొనుక్కునేవాడన్న మాట."

సువర్చల అప్పుడే నోరు విప్పి ఉండాల్సింది. నేనే అమ్మా, నా చేత్తోనే రాశాను అనాల్సింది. అనలేదు. "ఫైలు చూసి చెబుతానమ్మా, కొంచెం టైమివ్వండి" అంది. ఫైలు ఆమె సొరుగులోనే ఉంది. పుష్పవేణి ఆమె మొహం చూసింది, కట్ట సంచీలో పెట్టుకుంది. పన్నెండేళ్లుగా వింటున్న మాటే కదా, టైమివ్వండి అన్నది. ఆమె వెళ్లాక సూరిబాబు తలుపు దగ్గరగా వేసి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఏదైనా అంటే బాగుండుననిపించింది సువర్చలకి.

*

ఆ శనివారం ఇంట్లో ఆమె మామగారు కనబడలేదు. నరసింగరావు గారు రిటైరైన హెడ్మాస్టరు. మూడేళ్లుగా మతిమరుపు ముదిరిపోయి, బడికి వేళైందని చెప్పులేసుకుని బయల్దేరిపోతారు. అప్పటికి నాలుగోసారి. సువర్చల మొగుడు కామేష్ కంగారుగా ఫోన్ చేస్తే కేంద్రంలో ఇరవై నిమిషాల్లో జాడ చూపించారు, చేపల మార్కెట్ వైపు వెళ్లే బస్సులో. కామేష్ వెళ్లి తీసుకొచ్చేసరికి పెద్దాయన కండక్టరు చేత తొమ్మిదో ఎక్కం అప్పజెప్పించుకుంటున్నారు.

అందరూ నవ్వుకున్నారు గానీ సువర్చల నవ్వలేకపోయింది. ఇన్నాళ్లూ ఆ యంత్రం అంటే ఆమెకి తెలిసింది ఇదే, పోయిన ముసలాయన ఇంటికి రావడం. దొరక్కుండా ఉండడమే బతుకైన వాళ్లుంటారని ఆమెకి ఒక్కసారి కూడా తోచలేదు. ఎనిమిదేళ్లు పరిశోధన చేసింది, అవార్డులు తీసుకుంది. ఇంత చిన్న సంగతి తోచలేదు. భోజనాల దగ్గరే అంతా మొగుడికి చెప్పేసింది.

కామేష్ పెరుగన్నం కలపడం ఆపాడు. "ఆవిడకి సాయం చెయ్యి. వద్దననుగా. కానీ ఆ అడ్రసు మీ దగ్గర్నించి వెళ్లిందని మాత్రం అనకు. ఒక్క అడ్రసు తప్పు చేతికి వెళ్లినా మూసేస్తామని డిపార్ట్‌మెంటు వాళ్లు ముందే రాశారు కదా. మూసేస్తే నాన్ననెవరు వెతుకుతారు?"

అదేం స్వార్థం కాదు, అతను తండ్రి సంగతి అడిగాడు. అందుకే సువర్చల వాదించకుండా కంచం తీసుకుని లేచింది.

*

బస్సుల్లో ఉండేలాంటిదే, చేతిలో పట్టుకునే జాడ పెట్టె ఒకటి తీసుకుని ఆమె ఒక్కతే రావిగెడ్డ బస్సెక్కింది. సాయం చేస్తే తప్పు కొంత తగ్గుతుందని లోపల్లోపల ఆశ. మనుషులం, అలాగే లెక్కలు కట్టుకుంటాం.

పుష్పవేణి ఉండేది ఒక పెంకుటింటి వెనక వాటా. ఎదురింటి మేడ మీద గది భానుప్రకాష్ అద్దెకి తీసుకున్నాడు. పెంకుటింటి యజమాని అప్పలనరసమ్మ గుమ్మంలోనే చెప్పింది: "మంచోడే అనుకున్నానమ్మా! మామ్మా మామ్మా అని నా నీల్లబిందె మోసీవోడు. పెల్లాం అలిగి ఒచ్చీసినాదంటే నమ్మీసినాను. ఈ పిల్ల ఎన్నిసార్లు సెప్పినా నానినలేదు."

పోలీసులు అప్పటికే వచ్చి వెళ్లారట. ఎదురింట్లో అద్దెకుండడం నేరమెలా అవుతుందని అడిగారట.

సువర్చల పెట్టె పట్టుకుని గోడ దగ్గర్నించి మొదలుపెట్టింది. భానుప్రకాష్ జాడ కేంద్రంలో ఉంది, అతని జాడ తగిలితే చిన్న పసుపు దీపం వెలుగుతుంది. పిట్టగోడ మీద వెలిగింది. కుళాయి మీద వెలిగింది. కిటికీ ఊచల మీద వెలిగింది. ఇదంతా బయటే, రేపు అడిగితే దారిన పోతూ పట్టుకున్నానంటాడు. ఆమె ఇంట్లోకి వచ్చింది. తలుపు లోపలి గడియ మీద దీపం వెలిగింది. మగ్గం కర్ర మీద వెలిగింది. మంచినీళ్ల కుండ మూత, దువ్వెన, దిండు. దిండు మీద మూడు రోజుల నాటిది ఒకటి, పది రోజుల నాటిది ఒకటి, పధ్నాలుగు రోజుల నాటిది ఒకటి.

పుష్పవేణి ఆ దీపాన్ని చూస్తూ గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె పనికెళ్లినప్పుడల్లా అతను మారుతాళంతో వచ్చి ఆ మంచం మీద పడుకుని వెళుతున్నాడు. కుండలోవి తాగుతున్నాడు. ఆమె పరుగెత్తుకెళ్లి పెరట్లో వాంతి చేసుకుంది. అప్పలనరసమ్మ వీపు నిమురుతూ ఏడ్చింది. సువర్చల చేతిలో పెట్టె పట్టుకుని ఇంటి నడుమ నిలబడిపోయింది.

కాసేపటికి పుష్పవేణి మొహం కడుక్కుని వచ్చింది. ఆమె కళ్లలో భయం లేదు, ఒక రకమైన వెలుగు ఉంది. "ఇది రుజువేగా అండి? ఇంట్లోకి చొరబడ్డాడంటే కేసేగా? పన్నెండేళ్లలో మొదటిసారి నా చేతికి రుజువు దొరికింది!" తర్వాత ఏదో తట్టినట్టు ఆగింది. "ఈ జాడ ఆయనదేనని మీకెలా తెలుసు?"

అదే ముడి. పోల్చి చూడ్డానికి బయట అతని జాడ తీసుకుందామంటే ఎదురింటి గేటు మీద ఇరవై మంది జాడలుంటాయి, వాటిలో ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. పోలీసులు అతని చేత గాజు మీద చెయ్యి పెట్టించాలంటే ముందు కేసుండాలి, కేసుకి ముందు రుజువుండాలి. ఇది ఫలానా భానుప్రకాష్‌దే అని పేరుతో, సంతకంతో ఉన్న జాడ లోకంలో ఒక్కచోటే ఉంది. ఆ రోజు అతను అర్జీదారుగా వచ్చినందుకే ఉంది. ఆ రుజువు కోర్టులో పెట్టాలంటే అది ఎలా వచ్చిందో చెప్పాలి. చెప్పకపోతే మూడు వారాల్లో దిండు మీద జాడ కూడా ఆరిపోతుంది.

"నేనే ఇచ్చానమ్మా" అంది సువర్చల. "నీ అడ్రసు నేనే ఇచ్చాను. రుజువు లేదని సూరిబాబు ఆపబోతే నేనే సంతకం పెట్టాను. ఆ వెంట్రుకలు చూసి... ఎంత ప్రేమో అనుకున్నాను. దొరికావని ఆఫీసులో కాజాలు పంచాను. నువ్వొచ్చి అడిగిన రోజున కూడా దాచాను." ఆమె ఏడుస్తోంది. "నన్ను క్షమించమ్మా."

పుష్పవేణి మగ్గం మీద సగం కుట్టిన జాకెట్టు గుడ్డని విప్పి మడతపెట్టింది, అతను పట్టుకున్న చోటు తనకి తగలకుండా.

"ఆ పని నాకు పెట్టకండి" అంది చివరికి. "ఇప్పటికే నాకు చాలా పనులున్నాయి. తాళాలు మార్చుకోవాలి, పని వెతుక్కోవాలి, ఇల్లు వెతుక్కోవాలి, మిమ్మల్ని క్షమించడం కూడా నేనే చెయ్యాలంటే నా వల్ల కాదండి. మీకు ఏడుపొస్తే మీ ఇంటికెళ్లి ఏడవండి. నాకు కావల్సింది ఒక్కటే. ఇందాక నాతో అన్న మాటే రాసుకునేవాళ్లు ఉన్న చోట అనండి."

*

పుష్పవేణి నేరుగా కోర్టులో వేసిన ఫిర్యాదు విచారణకొచ్చిన రోజు గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. భానుప్రకాష్ అదే ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. అతని వకీలు పుష్పవేణిని అడగాల్సిందంతా అడిగాడు. కొట్టాడా? లేదు. బూతులు తిట్టాడా? లేదు. పన్నెండేళ్లు ఒక మనిషి మీకోసం తిరిగితే, దాన్ని ఏమంటారమ్మా?

"నేను చెప్పేది ఒక్కటేనండి" అంది పుష్పవేణి మేజిస్ట్రేటువైపు తిరిగి. ఆవిడ కళ్లజోడు తీసి వింటోంది. "ఊరు మారినప్పుడల్లా నా కథ మొదటినుంచీ చెప్పుకోవాలండి. ఇదే మొదటిసారా అంటారు, కొత్త కాగితం తీస్తారు. ఆయనది మాత్రం ఎక్కడ ఆపాడో అక్కణ్ణించే మొదలవుద్ది. ముప్పై ఒక్క కాగితాలున్నాయి, ఒకదానికొకటి తెలీదు. నాలాంటోళ్ల కాగితం మాతో పాటు ఊరూరూ రావాలండి. మా తరఫున మాట్లాడే మనిషి ఒకరుండాలి. ప్రతిసారీ నేనే చెప్పుకుని, నేనే రుజువులేరుకుని, నేనే పారిపోవాలంటే ఎక్కడికని పోతాను?"

మేజిస్ట్రేటు ఆ ముప్పై ఒక్క కాగితాలూ తన బల్ల మీదికి తెప్పించుకుంది.

తర్వాత సువర్చల బోనెక్కింది. యంత్రం సంగతి చెప్పింది, దిండు సంగతి చెప్పింది. వకీలు లేచాడు. మా క్లయింటు జాడ మీ దగ్గరికెలా వచ్చిందన్నాడు. ఇక్కడ ఆమె ఆగుతుందని అతనికి నమ్మకం. ప్రభుత్వోద్యోగి కదా.

వెనక బెంచీలో కామేష్ కూర్చుని ఉన్నాడు. రావద్దంటే వచ్చాడు. సువర్చల అతనివైపు చూడలేకపోయింది.

"ఈవిడ తన భార్య అని మా దగ్గరికి వచ్చాడండి. అప్పుడు తీసుకున్న జాడ. ఈవిడ ఎక్కడుందో వెతికి అతనికి చెప్పింది మా కేంద్రమే. సంబంధానికి రుజువు లేకపోయినా ఒప్పుకున్నది నేను. ఆ గడిలో చూశాను అని రాసింది నేను."

"ఏం చూశారు?" అని మేజిస్ట్రేటు అడిగింది.

"జుట్టు చూశానండి" అంది సువర్చల. "ఒక మగాడు ఆడదాని జుట్టు దాచుకోడం చూసి ముచ్చటపడ్డాను. ఆ ఆడది ఇచ్చిందా అని అడగలేదు. ఆవిడకి దొరకాలని ఉందా అని అడగలేదు. నూట పద్దెనిమిది మందిలో ఎవర్నీ అడగలేదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆమెకే తెలియలేదు, తానేమందో. మేజిస్ట్రేటు తలెత్తి చూసి, ఆ వాక్యం మళ్లీ చెప్పించి రాయించుకుంది.

*

కోర్టు ఉత్తర్వుతో భానుప్రకాష్‌ని ఇంట్లో చొరబడినందుకు పట్టుకున్నారు. పదకొండో రోజున బెయిలు మీద బయటికొచ్చాడు. కాకపోతే ఈసారి ఏ ఊరు వెళ్లినా వారానికోసారి స్టేషన్లో కనబడాలి, పుష్పవేణి ఉన్న ఊరి పొలిమేర తొక్కకూడదు. చాలని ఎవరూ అనలేదు. అయినా పన్నెండేళ్లలో మొదటిసారి ఎక్కడున్నాడో చెప్పుకోవాల్సింది అతను, ఆమె కాదు.

కేంద్రం మూతపడింది. తలుపుకి సీలు వేసేటప్పుడు సూరిబాబు తన స్టూలు బయట పెట్టుకుని, ఎవరైనా తప్పిపోయినవాళ్ల కోసం వస్తే చెప్పి పంపించడానికి రెండు రోజులు అక్కడే కూర్చున్నాడు. నలుగురొచ్చారు. నరసింగరావు గారు మళ్లీ వెళ్లిపోయారు. ఈసారి దొరకడానికి ఏడు గంటలు పట్టింది. ఒక ఆటో అతను రైల్వేగేటు దగ్గర చూసి తీసుకొచ్చాడు. కాళ్లు బొబ్బలెక్కాయి. కామేష్ తండ్రి కాళ్లకి మందు రాస్తూ పెళ్లాం మొహం చూడలేదు. తను చేసింది మంచేనా అని సువర్చల రోజుకి నాలుగుసార్లు తనని తానే ప్రశ్నించుకుంటుంది. నాలుగుసార్లూ అవుననే వస్తుంది, ఒక్కసారి కూడా తేలిగ్గా రాదు.

మేజిస్ట్రేటు ఉత్తర్వులో చివర ఒక వాక్యం ఉంది. కేంద్రం ఇంతవరకూ వెతికిపెట్టిన ప్రతి మనిషినీ పలకరించి, దొరకాలనుకున్నారో లేదో కనుక్కుని నివేదిక ఇవ్వాలని. ఆ వాక్యం పెట్టించింది పుష్పవేణే. వాళ్లని పలకరించేటప్పుడు పక్కన ఒకరుండాలని సువర్చల అడిగితే ఆ ఒకరూ నేనే ఉంటానంది. మీ మీద ప్రేమతో కాదు, మీరు అడిగే తీరు చూడాలి అంది.

ఒక సోమవారం పొద్దున సీలు వేసిన తలుపు బయట వరండాలో బల్ల వేసుకుని మొదలుపెట్టారు. మొదటి ఫోన్ తుపాన్లో తప్పిపోయిన ఒక పిల్లకి, ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది, తల్లి ఫోన్ అందుకుని దీవెనలు పెట్టింది. రెండోది మాట్లాడలేని ముసలాయన, కొడుకు ఎత్తి థాంక్స్ చెప్పాడు. మూడు, నాలుగు, ఐదు, ఆరు. సువర్చల భుజాలు కొంచెం సడలాయి. తప్పు ఒక్కటేనేమో, ఆ ఒక్కటీ పుష్పవేణేనేమో అని ఆశ పుట్టింది. అలా ఆశపడినందుకు ఎదురుగా ఉన్న మనిషిని చూసి సిగ్గేసింది.

ఏడో నంబరు కలిసింది. నాలుగేళ్ల కిందట భర్త అర్జీ మీద మూడు గంటల్లో దొరికిన మనిషి.

"అమ్మా, జాడ కేంద్రం నించి మాట్లాడుతున్నామండి. మీరు ఎలా ఉన్నారో కనుక్కుందామని..."

అవతల ఊపిరి వినబడింది. తర్వాత గొంతు, బాగా తగ్గించి: "మీరా? అప్పుడు చెప్పింది మీరేనా?" ఎక్కడో గిన్నె కింద పడిన చప్పుడు, మగ గొంతు ఎవరని అడగడం. "ఎవరో రాంగు నంబరండి" అని ఆమె అనడం. ఫోన్ పెట్టేసింది.

సువర్చల మళ్లీ అదే నంబరు నొక్కబోయింది. పుష్పవేణి బల్ల మీదుగా వంగి ఆ చెయ్యి పట్టుకుంది. అంతవరకూ ఆమె సువర్చలని ముట్టుకోలేదు.

"చెయ్యకండి. ఇప్పుడు ఫోన్ ఆయన చేతిలో ఉంటుంది."

"మరి ఎలా?"

"మనిషి వెళ్లాలి. పోలీసు జీపులో కాదు, మీ ఆఫీసు కార్లో కూడా కాదు. మగ్గం పని జాకెట్లకి కొలతలు తీసుకోడానికొచ్చామందాం. కొలతలంటే మగాళ్లు గదిలోంచి బయటికెళ్తారు. తలుపేసుకుని అయిదు నిమిషాలు మాట్లాడచ్చు." ఆమె అప్పటికే లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. "అడ్రసు మీ దగ్గరుందిగా?"

"ఉంది" అంది సువర్చల. నాలుగేళ్ల కిందట తానే ముద్ర వేసి ఇచ్చిన అడ్రసు. ఆమె కాగితం మీద రాసి, పుష్పవేణి వెనకే బస్టాండు వైపు నడిచింది.